నిప్పు నుండి విద్యుత్తు: స్టెర్లింగ్ ఇంజనుతో ఆపత్కాలమున బ్యాటరీ ఛార్జింగు

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ, ఆదివారము. ఆనాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణం వద్ద తీరము దాటినది. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచినది. హుద్‌హుద్ అనగా తలపై ఈకల కుచ్చు గల ఒక అందమైన పక్షియని మన ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. అంత ముద్దైన పేరు పెట్టుకొని వచ్చిన ఆ గాలి, మా ప్రాంతమున చెరకు తోటలను పడవేసినది, చెట్లను కూల్చినది, విద్యుత్తు స్తంభములను నేలకు వంచినది.

మాది దేవరాపల్లి. చోడవరం ప్రాంతమున, శారదానదిపై కట్టిన రైవాడ జలాశయము గల మండలము. ఆనాడు విశాఖపట్టణం జిల్లాలో ఉండిన ఆ మండలము 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. తుపాను వెలిసిన తరువాత మాకు అన్నము కొరత అంతగా కలుగలేదు. కొరత వచ్చినది వార్తకు. ఇంటింట సెల్‌ఫోను ఉన్నది, కాని అందులో ప్రాణము లేదు. విశాఖలో చదువుకొనుచున్న కొడుకు ఎట్లున్నాడో తెలియక తల్లులు వాకిట కూర్చుండిరి. ట్రాక్టరు గల వారి యింటి ముందు, దాని బ్యాటరీకి తీగలు తగిలించి, ఒకరి వెనుక ఒకరు ఫోనులు పట్టుకొని నిలిచిరి. ఒక ఫోనుకు పావుగంట చొప్పున వంతు. ఆ పావుగంటలో వచ్చిన శక్తితో ఒక్క మాట, "బాగున్నాము" అను మాట, చెప్పుకొన్నవారు ధన్యులు.

ఆ తరువాత గానుగల కాలము వచ్చినది. ఒక రాత్రి బెల్లము వండు చోట పొయ్యి దగ్గర కూర్చుంటిని. పెనములో చెరకు రసము కుతకుత ఉడుకుచున్నది. పొయ్యి నోట ఎండిన పిప్పిని త్రోయుచున్న ఒక వృద్ధుడు నా వంక చూచి, "ఏటి బాబూ, సదువుకున్నోడివి గదా. ఇంత నిప్పుంది ఇక్కడ. దీంట్లోంచి కూసింత కరెంటు తీయలేవేటి?" అని అడిగెను.

"తీయవచ్చును తాతా" అంటిని. "మరి తీయరేటి?" అనెను. ఆ రెండవ ప్రశ్నకు ఆనాడు నా వద్ద సరియైన సమాధానము లేదు. భౌతిక శాస్త్రము బోధించువాడనై కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట, ఆ సమాధానమును ఈ వ్యాసమున చెప్ప ప్రయత్నించుచున్నాను. పాఠకులు దీనిని యంత్ర ప్రశంసగా గాక, ఒక లెక్కగా చదువవలెనని ప్రార్థన.

గాలితో నడుచు యంత్రము

నిప్పు నుండి విద్యుత్తు తీయుటకు మార్గములు పెక్కు గలవు. ఆవిరి యంత్రము అందరు ఎరిగినదే. కాని ఆవిరికి బాయిలరు కావలెను. బాయిలరులో ఒత్తిడి హెచ్చినచో అది పగులును. ఆవిరి యుగపు తొలినాళ్లలో బాయిలర్లు పగిలి పనివారు మరణించుట తరచుగా జరిగినది. ఆ ప్రమాదము లేని యంత్రము నొకదానిని స్కాట్లండు దేశపు మతాచార్యుడు రాబర్టు స్టెర్లింగ్ కనిపెట్టెను. ఆయన 1790లో జన్మించి 1878లో మరణించెను. 1816లో తన యంత్రమునకు పేటెంటు పొందెను. ఉష్ణమునకును పనికిని గల సంబంధమును గూర్చి ఫ్రెంచి ఇంజనీరు సాది కార్నో తన ప్రసిద్ధ గ్రంథమును ప్రకటించినది 1824లో. అనగా సిద్ధాంతము పుట్టుటకు 8 సంవత్సరములు ముందే యంత్రము పుట్టినదన్నమాట. చేతిపని కొన్నిసార్లు పుస్తకము కంటె ముందు నడచును.

ఈ యంత్రములో నీరు లేదు, ఆవిరి లేదు, లోపల మంట లేదు, పేలుడు లేదు. మూసిన పాత్రలో కొంత గాలి యుండును. ఆ గాలి బయటకు పోదు, క్రొత్త గాలి లోపలికి రాదు. అదే గాలి ఒకసారి వేడెక్కి, ఒకసారి చల్లబడి, పని చేయుచుండును. ఉర్దూలో 'హవా' అను మాటను తెలుగువారును వాడుదురు కదా! దీనిని మనము 'హవా ఇంజను' అని పిలిచినను తప్పు లేదు.

ఎట్లు నడుచును?

వేడెక్కిన గాలి వ్యాకోచించును. చల్లబడిన గాలి సంకోచించును. ఎండలో నిలిపిన సైకిలు ట్యూబు పగులుట ఈ సూత్రమునకు నిదర్శనమే. స్టెర్లింగ్ యంత్రము ఈ పొంగును, కుంగును వెంటవెంటనే తెప్పించు ఉపాయము మాత్రమే.

ఒక పొడవైన లోహపు గొట్టమును ఊహించుకొనుడు. దాని ఒక కొనను నిప్పులో ఉంచవలెను. రెండవ కొనను చల్లని నీటితో చుట్టవలెను. గొట్టము లోపల, అంచులను తాకకుండ వదులుగా కదలు ఒక తేలికపాటి దిమ్మ యుండును. దీనిని 'డిస్‌ప్లేసరు' అందురు. మనము 'తోపుడు దిమ్మ' అనవచ్చును. ఈ దిమ్మ చల్లని వైపునకు జరిగినప్పుడు గాలి వేడి వైపునకు పారును. వేడి వైపునకు జరిగినప్పుడు గాలి చల్లని వైపునకు పారును. ఇది పని చేయదు. గాలిని ఇటునటు త్రోయుట మాత్రమే దీని ఉద్యోగము.

పని చేయునది మరియొకటి. బిగుతుగా అమరిన పిస్టను. గాలి వేడి వైపున చేరి పొంగినప్పుడు అది పిస్టనును బయటకు నెట్టును. గాలి చల్లని వైపున చేరి కుంగినప్పుడు పిస్టను లోపలికి వచ్చును. వేడి గాలి నెట్టు బలము హెచ్చు. చల్లని గాలిని తిరిగి నొక్కుటకు కావలసిన బలము తక్కువ. ఈ రెంటి భేదమే మనకు మిగులు లాభము. పిస్టను, తోపుడు దిమ్మ, ఈ రెండును ఒకే చక్రమునకు కట్టబడి యుండును. కాని దిమ్మ పిస్టను కంటె చక్రపు పావుచుట్టు, అనగా సుమారు 90 డిగ్రీలు, ముందుగా నడచును. ఈ ముందువెనుకలు లేనిచో చక్రము తిరుగదు. బరువైన చక్రము, ఒక చుట్టులో కూడిన ఊపును దాచుకొని, బలము లేని క్షణములను దాటించును.

స్టెర్లింగ్ ప్రతిభ యంతయు మరియొక చిన్న భాగములో గలదు. గాలి వేడి వైపు నుండి చల్లని వైపునకు పారు త్రోవలో ఆయన సన్నని లోహపు రేకులను, తీగలను అమర్చెను. పోవుచు గాలి తన వేడిని ఆ తీగలకు అమానతుగా ఇచ్చి పోవును. తిరిగి వచ్చునప్పుడు ఆ అమానతును పుచ్చుకొని వచ్చును. ఈ భాగమునకు 'రీజనరేటరు' అని పేరు. ఇది లేనిచో ప్రతి చుట్టుకును వేడిని క్రొత్తగా నిప్పు నుండి తేవలసి వచ్చును. కట్టె ఖర్చు ఎన్నో రెట్లు పెరుగును.

బయటి మంట కనుక ఈ యంత్రమునకు ఇంధనములో పట్టింపు లేదు. కట్టె, పిడక, ఊక, చెరకు పిప్పి, కిరసనాయిలు, కుంభాకార దర్పణముతో కాక పుటాకార దర్పణముతో ఒకచోట చేర్చిన సూర్యకాంతి, ఏదైనను సరియే. మన వంటి పల్లెలకు దీనిలోని ఆకర్షణ ఇదియే.

ఈ యంత్రపు చరిత్రలో మూడు ఘట్టములు

మొదటిది, డచ్చి దేశపు ఫిలిప్స్ సంస్థ కథ. విద్యుత్తు లేని ప్రదేశములలో రేడియోలు అమ్ముడు పోవలెనన్నచో వాటిని నడపు శక్తి కావలెను. నాటి రేడియోలు వాల్వులతో పని చేయునవి. శక్తిని విరివిగా త్రాగునవి. అందుచేత ఆ సంస్థ 1930ల చివరి నుండి, మూలపడిన స్టెర్లింగ్ యంత్రమును తిరిగి చేపట్టి, ఎంతో మెరుగుపరచి, 1950ల ఆరంభమున సుమారు 200 వాట్ల చిన్న విద్యుత్ జనరేటరును తయారు చేసినది. కాని అప్పటికే కాలము మారినది. 1947లో ట్రాన్సిస్టరు పుట్టినది. ట్రాన్సిస్టరు రేడియోకు నాలుగు టార్చి బ్యాటరీలు చాలును. అంత శ్రమపడి చేసిన యంత్రములు సుమారు 150 మాత్రమే తయారై ఆగిపోయినవి. యంత్రము ఓడిపోలేదు, దాని అవసరము కరగిపోయినది.

రెండవ ఘట్టము మన పొరుగుననే, మదరాసులో జరిగినది. 1980ల దశకమున అచ్చట ఎస్.టి.5 అను పేర సుమారు 5 అశ్వశక్తుల స్టెర్లింగ్ ఇంజను తయారైనది. వరి ఊక వంటి వ్యవసాయ వ్యర్థములను మండించి దానిని నడపవచ్చును. ఆశయము గొప్పది, కాని డీజిలు ఇంజను స్థానమును అది ఆక్రమింపలేకపోయినది. ఏలయనగా, అంతే శక్తినిచ్చు డీజిలు ఇంజను పరిమాణమున చిన్నది, తాడు లాగిన వెంటనే తిరుగునది, ప్రతి పల్లెలోను దానిని బాగుచేయు మేస్త్రీ గలడు.

మూడవ ఘట్టము సముద్ర గర్భమున. విశాఖ తీరమున 2002 నుండి ప్రదర్శనశాలగా నున్న కుర్సురా జలాంతర్గామిని మన విద్యార్థులు విహారయాత్రలో చూచియుందురు. అటువంటి నౌక నీటి క్రింద బ్యాటరీలతో నడచును. బ్యాటరీలు తరిగినప్పుడు డీజిలు ఇంజనుకు గాలి కొరకు నీటి పైభాగమునకు రావలెను. వచ్చిన క్షణమే శత్రువు కంట పడు ప్రమాదము. స్వీడను దేశము దీనికి స్టెర్లింగ్ ఇంజనుతో పరిష్కారము కనుగొన్నది. 1990లలో నిర్మించిన గోట్లండు తరగతి జలాంతర్గాములు, ద్రవ ఆమ్లజనితో డీజిలును నెమ్మదిగా మండించి, ఒక్కొక్కటి 75 కిలోవాట్ల స్టెర్లింగ్ ఇంజన్లను రెంటిని నడపి, నీటి అడుగుననే విద్యుత్తు పుట్టించుకొనును. పేలుడు లేని యంత్రము కనుక చప్పుడు స్వల్పము. కనుక స్టెర్లింగ్ ఇంజనుతో బ్యాటరీ నింపుట కలలోని మాట కాదు. పని చేయుచున్న విషయమే. ఐతే ఒక దేశపు నౌకాదళమునకు సాధ్యమైనది, దేవరాపల్లిలోని ఒక వంటపొయ్యికి సాధ్యమగునా? ఇక లెక్కలోనికి పోవుదము.

కట్టెకు ఎంత కరెంటు?

పొయ్యిలోని కొన 500 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలోను, చల్లని కొన 30 డిగ్రీల నీటిలోను ఉన్నవనుకొందము. కార్నో సూత్రము ప్రకారము, అందిన వేడిలో 100కి 60 పాళ్లకు మించి పనిగా మారుట అసాధ్యము. ఇది దేవుడెరిగిన పైహద్దు. మన చేతితో చేసిన చిన్న యంత్రము, ఒరపిడి, కారుడు, వేడి నష్టములు పోగా, 100కి 10 పాళ్లు పనిగా మార్చినను మెచ్చుకొనవలసినదే.

ఎండిన కట్టె ఒక కిలో మండినచో సుమారు 4,200 వాట్-గంటల ఉష్ణశక్తి వెలువడును. మట్టితో చక్కగా మూసి కట్టిన పొయ్యిలో, అందు 100కి 30 పాళ్లు యంత్రపు కొనకు చేరునని అనుకొందము. అనగా 1,260 వాట్-గంటలు. దానిలో పదవ వంతు, 126 వాట్-గంటలు, చక్రమును త్రిప్పును. చిన్న జనరేటరు అందులో 100కి 60 పాళ్లు విద్యుత్తుగా మార్చును. కడకు మనకు దక్కినది సుమారు 75 వాట్-గంటలు. మూడు రాళ్ల పొయ్యిపై నైనచో ఇందులో మూడవ వంతు కూడా దక్కకపోవచ్చును.

75 వాట్-గంటలు అనగా ఎంత? నేటి సెల్‌ఫోను బ్యాటరీ నిండుటకు, నష్టములతో కలిపి, సుమారు 20 వాట్-గంటలు కావలెను. 5 వాట్ల ఎల్.ఇ.డి. దీపము 4 గంటలు వెలుగుటకును అంతే. కనుక కిలో కట్టెతో మూడు ఫోనులు నిండి, నాల్గవది సగము పైగా నిండును. 12 వోల్టుల, 40 ఆంపియర్-గంటల ట్రాక్టరు జాతి బ్యాటరీలో 480 వాట్-గంటలు పట్టును. ఇట్టి బ్యాటరీని సగమునకు మించి ఖాళీ చేసినచో దాని ఆయువు తగ్గును. సగము తిరిగి నింపుటకు, నష్టములతో, 300 వాట్-గంటలు. అనగా 4 కిలోల కట్టె. యంత్రము 20 వాట్లు ఇచ్చినచో 15 గంటల కాలము. ఆ నింపిన సగము బ్యాటరీతో పండ్రెండు ఫోనులు మరల మాట్లాడును. ట్రాక్టరు ముందు వరుసలో నిలిచినవారికి పండ్రెండు ఫోనులనిన ఎంత విలువయో తెలియును.

పాఠకులు ఇచ్చట, "కట్టె కొరత లేదు, ఇంకేమి ఆలస్యము?" అనవచ్చును. ఆలస్యమునకు కారణము కట్టె కాదు, సిలిండరు. అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయమున పనిచేసిన విలియం బీల్, అనేక స్టెర్లింగ్ యంత్రములను పరిశీలించి ఒక అనుభవ సూత్రము కనుగొనెను. పిస్టను ఒక కదలికలో తుడుచు ఘనపరిమాణము (ఘనపు సెంటీమీటర్లలో), లోపలి గాలి ఒత్తిడి (వాతావరణపు ఒత్తిడికి ఎన్ని రెట్లు), క్షణమునకు ఎన్ని చుట్లు, ఈ మూడింటిని గుణించి, 0.015తో మరల గుణించినచో, బాగుగా చేసిన యంత్రమిచ్చు వాట్లు సుమారుగా తెలియును. జనరేటరు నష్టమును కలుపుకొని 20 వాట్ల విద్యుత్తుకు చక్రము వద్ద 33 వాట్లు కావలెను. మామూలు వాతావరణపు ఒత్తిడి, క్షణమునకు 10 చుట్లు అనుకొన్నచో, 220 ఘనపు సెంటీమీటర్ల పరిమాణము అవసరమగును. చేతిపనితనము తక్కువైనచో దానికి రెట్టింపు పెట్టుకొనవలెను.

పోల్చి చూడుడు. మన వీధులలో తిరుగు మోటారు సైకిలు సిలిండరు 100 ఘనపు సెంటీమీటర్లు మాత్రమే; అది 5,000 వాట్లకు పైగా శక్తినిచ్చును. దానికి రెండింతలకు మించిన పరిమాణముతో మన హవా ఇంజను ఇచ్చునది 33 వాట్లు. బల్లపై పెట్టుకొను ఆటబొమ్మ స్టెర్లింగ్ యంత్రములు ఒకటి రెండు వాట్లు కూడ ఇయ్యజాలవు. లోపలి గాలిని పలు రెట్లు ఒత్తిడితో నింపినచో యంత్రము చిన్నదగును. పెద్ద సంస్థలు చేయునదదియే. కాని విద్యార్థులు ఆ పనికి పూనుకొనరాదు. ఒత్తిడిలో నున్న వేడి గాలికి కందెన నూనె తగిలినచో అది పేలుడు పదార్థమగును. ఏ ప్రమాదమును తప్పించుటకు ఈ యంత్రము పుట్టినదో ఆ ప్రమాదమును మనము తిరిగి పిలుచుకొన్నట్లగును.

ఇంకొక సంగతి, నీరు. 20 వాట్లిచ్చు యంత్రము నిప్పు నుండి సుమారు 330 వాట్ల వేడిని తీసికొని, సుమారు 300 వాట్లను నీటికి అప్పగించును. 20 లీటర్ల బిందెలోని నీరు ఆ వేడికి గంటకు 13 డిగ్రీల చొప్పున కాగును. నీరు మార్చకున్నచో రెండు మూడు గంటలలో చల్లని కొన చల్లదనము కోల్పోవును, యంత్రము నీరసించును. ఐతే ఆ వేడినీరు వృథా కాదు. తుపాను తడిలో వణకు ముసలివారి స్నానమునకు అది పనికివచ్చును.

బ్యాటరీకి కట్టు విధానము

12 వోల్టుల సీసపు బ్యాటరీని నింపుటకు జనరేటరు 13.8 నుండి 14.4 వోల్టుల వరకు ఇయ్యవలెను. బ్యాటరీ వోల్టేజి కంటె తగ్గినచో చక్రము ఎంత తిరిగినను బ్యాటరీలోనికి బొట్టు కూడ చేరదు. పల్లము నుండి మెరకకు నీరు పారదు కదా! పైగా బ్యాటరీయే వెనుకకు ప్రవహించి జనరేటరును మోటారుగా త్రిప్పును. దీనిని అరికట్టుటకు నడుమ ఒక డయోడు ఉంచవలెను. అది ఒకే వైపు తెరచుకొను తలుపు. బ్యాటరీ నిండిన పిమ్మట పొంగిపోకుండ ఛార్జ్ కంట్రోలరు, తీగలు కలిసినచో నిప్పంటుకొనకుండ ఫ్యూజు, ఈ రెండును తప్పనిసరి. ఫోనును నేరుగా యంత్రమునకు తగిలింపరాదు. మంట హెచ్చుతగ్గులకు వోల్టేజి ఆడుచుండును. నడుమ బ్యాటరీ ఒక చెరువు వలె నిలిచి సమముగా ఇచ్చును.

రెండు హెచ్చరికలు మరువరానివి. సీసపు బ్యాటరీ నిండునప్పుడు ఉదజని వాయువు వెలువడును. దానిని పొయ్యి ప్రక్క ఉంచరాదు, పొడవైన తీగతో దూరముగా గాలి ఆడు చోట ఉంచవలెను. తలుపులు మూసిన గదిలో కట్టెలు గాని బొగ్గులు గాని మండింపరాదు. వాసన లేని కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే ప్రాణము తీయును. వెలుగు కొరకు చేసిన పని ఇంటి దీపమును ఆర్పరాదు.

మిగిలిన మార్గములతో పోలిక

విజ్ఞాన శాస్త్రమున పక్షపాతము పనికిరాదు. సౌర ఫలకముతో పోల్చి చూతము. 50 వాట్ల చిన్న ఫలకము, మంచి ఎండలో రోజునకు సుమారు 200 వాట్-గంటలు ఇచ్చును. దానిలో కదలు భాగము లేదు, కట్టె లేదు, కావలి లేదు. తుపాను మబ్బులు కమ్మిన దినమున అది అయిదవ వంతునకు, 40 వాట్-గంటలకు, పడిపోవచ్చును. రెండు ఫోనులు మాత్రము నిండును. అట్టి దినమున 20 వాట్ల హవా ఇంజను 5 గంటలు నడచి 100 వాట్-గంటలు ఇచ్చును. కాని మూడవ దినము ఎండ వచ్చును. ఫలకము మరల గెలుచును. హుద్‌హుద్ వెళ్లిన తరువాత ఆకాశము తేటపడినది గాని, స్తంభములు లేచి తీగలు కలియుటకు దినములు పట్టినవి. ఆ దినములలో సౌర ఫలకము గలవాడే రాజు.

సైకిలు త్రొక్కి విద్యుత్తు తీయుట మరియొక మార్గము. ఆరోగ్యవంతుడైన యువకుడు గంటసేపు 50 నుండి 75 వాట్ల వరకు నిలకడగా త్రొక్కగలడు. అనగా మన హవా ఇంజను కంటె రెండు మూడు రెట్లు! పెట్రోలు జనరేటరు ఇంకను బలమైనది. కాని విద్యుత్తు లేనినాడు పెట్రోలు బంకు పంపు కూడ ఆగును, త్రోవలు మూతపడి ట్యాంకరు రాదు.

మరి హవా ఇంజనుకు చోటెక్కడ? ఎండ లేని దినమున, రాత్రివేళ, త్రొక్కు కాళ్లు అలసినప్పుడు, ఎటులైనను అన్నమునకు మండవలసిన పొయ్యి ప్రక్కన. అక్కడ అది మూడవ తోడుగా నిలుచును. మొదటి దిక్కుగా కాదు.

ఇంకొక విచిత్రము గమనింపుడు. ఫిలిప్స్ యంత్రమును ఓడించినది తక్కువ శక్తితో పనిచేయు రేడియో. నేడు అదే ధోరణి మన చిన్న యంత్రమునకు ప్రాణము పోయుచున్నది. నాడు గదిలో వెలుగునకు 60 వాట్ల బల్బు కావలసెను. నేడు 5 లేక 7 వాట్ల దీపము చాలును. 20 వాట్లు నాడు ఎందుకును కొరగాని పరిమాణము; నేడు ఒక ఇంటికి రాత్రి వెలుగు, మాట, వార్త.

గానుగ పొయ్యి సంగతి

ఇక వృద్ధుని ప్రశ్నకు వత్తును. అనకాపల్లి బెల్లము దేశమున పేరెన్నిక గన్నది. అనకాపల్లిలో చెరకు పరిశోధన నూరు సంవత్సరములకు పైగా సాగుచున్నది. ఆ ప్రాంతపు గానుగల పొయ్యిలలో రాత్రింబవళ్లు పిప్పి మండును. పొగ వెంట ఎంతో వేడి ఆకాశము పాలగును. ఆ వేడిలో రవంత పట్టుకొన్నను హవా ఇంజనుకు చాలును. అదనపు కట్టె అక్కరలేదు.

కాని ఒక చిక్కు గలదు. మన తీరమును పెద్ద తుపానులు తరచుగా అక్టోబరు, నవంబరు మాసములలో తాకును. 1977లో దివిసీమను ముంచిన ఉప్పెన నవంబరు 19న వచ్చినది. హుద్‌హుద్ అక్టోబరు 12న. గానుగలు జోరుగా ఆడునది ఆ పిమ్మట. ఆపద వచ్చు నాటికి ఆ పొయ్యి చల్లగా ఉండును. పొయ్యి మండు నాటికి ఆపద దాటియుండును. పైగా తుపాను వానకు బయటనున్న కట్టె, పిప్పి అన్నియు తడిసిపోవును. తడి కట్టె వేడిలో కొంత అందలి నీటిని ఆవిరి చేయుటకే పోవును. కనుక ఆపత్కాలపు సాధనము గానుగ పొయ్యి కాదు, ఇంటి పొయ్యి. దానికి మొదటి సాధనసామగ్రి యంత్రము కాదు, సెప్టెంబరులోనే అటకపై ఎండబెట్టి దాచిన పది కిలోల కట్టె. "మరి తీయరేటి?" అను ప్రశ్నకు నా సమాధానము ఇది: తీయవచ్చును తాతా, కాని కొంచెమే వచ్చును, ఆ కొంచెము కూడ ముందు చూపు గల యింటికే దక్కును.

విద్యార్థులకును కార్యవర్గమునకును విన్నపము

మన కళాశాల కార్యవర్గమువారికి మూడు సూచనలు సవినయముగా సమర్పించుచున్నాను. మొదటిది: ధనము కొద్దిగా ఉన్నచో దానిని ముందుగా ఒక సౌర ఫలకము, ఒక మంచి బ్యాటరీ, కంట్రోలరు కొనుటకు వెచ్చింపవలెను. తుపాను దినములలో ఇరుగుపొరుగు వారందరును ఫోనులు నింపుకొనుటకు కళాశాల తలుపులు తెరచి యుంచవలెను. రెండవది: మూలపడిన ఒక పాత సైకిలును త్రొక్కుడు జనరేటరుగా మార్చు పనిని విద్యార్థులకు అప్పగింపవలెను.

మూడవది: స్టెర్లింగ్ యంత్రము నొకదానిని, వాతావరణపు ఒత్తిడితో నడుచునట్టిదానిని, మన ప్రయోగశాలలో చేయవలెను. అది ఆపద్బాంధవుడని కాదు. అది మంచి గురువు గనుక. ఒరపిడి యెట్లు శక్తిని మ్రింగునో, వేడి భేదము లేనిచో పని యెట్లు ఆగునో, తొంబది డిగ్రీల వెనుకముందులకు అర్థమేమో, దాని వలె కన్నులకు కట్టునట్లు చెప్పునది మరియొకటి లేదు. చక్రమునకు త్రాడు చుట్టి, కొనకు స్ప్రింగు త్రాసు కట్టి, బలమును కొలువవచ్చును. ఎన్ని గ్రాముల కట్టె వేసితిమి, ఎన్ని వాట్లు వచ్చినవి అని వ్రాసికొనవలెను. వచ్చినది అర వాటే యైనను సిగ్గుపడక, ఆ అంకెను వచ్చే సంచికలో అచ్చు వేయవలెను. పై లెక్కలో నేను వేసిన 10 పాళ్లు, 30 పాళ్లు అన్నవి అంచనాలే. వాటిని మీ కొలతలు సరిదిద్దవలెను.

ఆ మూడింటి ప్రక్కను ఒక పలక వ్రేలాడదీయుడు. దానిపై బ్యాటరీని కట్టు విధానము, రెండు హెచ్చరికలు, ఉర్దూలోను తెలుగులోను వ్రాయుడు. చీకటి పడిన రాత్రి తలుపు తట్టు మనిషి ఏ లిపి చదువునో మనకు ముందుగా తెలియదు.

2014లో ట్రాక్టరు ముందు వరుసలో నిలిచిన ఒక తల్లి, తన వంతు వచ్చుసరికి, ఫోనులో కొడుకు పేరు ఎక్కడ నున్నదో తెలియక నా చేతికిచ్చినది. పావుగంట నిండక మునుపే పిలుపు కలిసినది. ఆమె మాటలాడినది ఒక్క నిమిషము. ఆ నిమిషమునకు కావలసిన విద్యుత్తు చిటికెడు బూడిదకు సరిపడు కట్టెలో గలదు. ఆ చిటికెడును తీయు విద్య మనవద్ద లేకపోయినచో ఆ లోపము నిప్పుది కాదు, మనది.